బతికున్న మనిషికి ఆదరణ కూడిక

పోయిన వారం ఏసుమణిని ఎక్కడ వదిలామో గుర్తుంది కదా? నాయుడుపేట అవతల, మిషను వాళ్ల కుష్ఠు ఆసుపత్రిలో, గుడ్డలు ఉడకబెట్టే పొయ్యి దగ్గర. పాళెం స్త్రీల సమాజం ఏటా పాత చీరలు చింపి, ఉతికి, చుట్టలు చుట్టి రోగుల కట్లకని పంపుతుంది. ఎప్పుడూ మిషను వ్యానులో పోయే మూట, ఈ ఏడు వ్యాను చెడిపోవడంతో ఏసుమణి చంకనెక్కింది. ఆ పొయ్యి దగ్గర కట్టెతో గుడ్డలు కలియబెడుతున్న మనిషి తలెత్తి చూసి "మణీ" అంది. తొమ్మిదేళ్ల కిందట చనిపోయిందని సంఘమంతా కూర్చుని ఏడ్చిన అక్క, పేరు సమాధానం!

ఆ తరువాత అక్కాచెల్లెళ్ల మధ్య మాటలకంటే ఏడుపే ఎక్కువ. సంగతి మాత్రం ఇది. అప్పట్లో సమాధానం వీపు మీద స్పర్శలేని మచ్చ ఒకటి కనబడితే, మొగుడు హెబ్రోను మందిప్పిస్తానని బస్సెక్కించి తీసుకుపోయి ఆ గేటు లోపల వదిలాడు. సాయంత్రానికి వస్తానన్నాడు. రాలేదు. ఆమె కబుర్లు పెట్టింది, ఎవరూ రాలేదు, తరువాత పెట్టడం మానేసింది. కొత్తగా వచ్చిన మాత్రలు మింగి మింగి జబ్బు నయమైంది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు మాత్రం వంకరపోయి అట్లాగే మిగిలాయి. ఇంక ఎవరికీ అంటుకోదు, ఇంటికి పోవచ్చునని డాక్టరమ్మ చెప్పి కూడా చాలా రోజులైంది. ఇంటినుంచి ఎవరైనా వచ్చి పిలుచుకుపోతే కదా?

ఒక ఏడు వచ్చిన మూటలో తన పెళ్లినాటి నేతచీర చుట్టలు చుట్టి కనిపించిందట. బతికున్నవాళ్ల పెళ్లిచీరను ఎవరూ చింపరు. తనను ఇంట్లో ఏం చేసేశారో ఆమెకు ఆ రోజే అర్థమైంది. ఆ చీర చింపింది ఏసుమణి చేతులే.

"వాళ్లను క్షమించేసినా మే" అంది సమాధానం. "మొదట్లో నోటితో అనేదాన్ని, మనసు ఒప్పేది కాదు. ఆ మనసును కూడా దేవుడే ఒప్పించినాడు. ఒక్కసారి నాయన్ను చూసి, మన గుళ్లో అందరితోపాటు కూర్చోని బల్ల తీసుకోవాలని ఉండాది. అంతే."

బల్ల అంటే ప్రభువు పేరిట తీసుకునే రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. తొమ్మిదేళ్లకు ఆ మనిషి కోరిన కోరిక ఇంతే. అది తీరాలంటే చచ్చిపోయిన సమాధానాన్ని ముందు బతికించాలి. ఆ పని తన మీద పడిందని తెలిసి ఏసుమణి పాళెంలోనే కాపురముంటున్న తన ఇల్లు చేరింది. ఎవరితోనూ, కట్టుకున్న మొగుడితో కూడా, చెప్పలేదు. 

ఇప్పుడు గురువారానికి వద్దాం. పాళెం గుడిలో భక్తి రగిలించే ఉజ్జీవ కూటాలకు అది ఆఖరి రోజు. మధ్యాహ్నపు కూటంలో హెబ్రోను సాక్ష్యమిస్తాడని పాస్టరు అయ్యగారు ముందే చాటించారు. మిషను బడిలో పంతులు, మంచి గొంతు, పాటలు పాడించేది ఆయనే. సమాధానం పోయిన మరుసటి ఏడే పుష్పకుమారిని చేసుకున్నాడు. నాలుగైదేళ్లకు కల్లుకు మరిగి, తూలుకుంటూ బడికొస్తే సంఘం ఆయన్ను బల్లకు దూరం పెట్టింది. ఈ కూటాల్లో ఆయన మారుమనస్సు పొందాడట! ఆదివారం ఆయనకు కుడిచేతి సహవాసం ఇస్తారు. తప్పిపోయి తిరిగొచ్చిన మనిషిని మళ్లీ కలుపుకునేటప్పుడు సంఘంలో ప్రతివాళ్లూ వరసగా వచ్చి ఆ మనిషి కుడిచెయ్యి పట్టుకోవాలి, ఆ తరువాతే బల్ల. అక్కడి పద్ధతి అది.

ఆయన ఏడ్చే తీరు చూసి తీరాలి! నాలుగు మాటలు చెప్పడం, ఆగడం, ఇస్త్రీ చేసిన జేబురుమాలు మడత విప్పి కళ్లు అద్దుకోవడం, మళ్లీ ఆ మడతలు చెరగకుండా పెట్టుకోవడం. కల్లంగడి పేరు చెప్పాడు. పక్కన కూర్చుని తాగినవాళ్ల పేర్లు చెప్పాడు. నంజుకున్న ఎండురొయ్యల వేపుడు గురించి చెప్పేటప్పుడైతే, పశ్చాత్తాపమో నోరూరడమో కాసేపు తెలియలేదు. ఒక్కో పాపం బయటపడినప్పుడల్లా జనం "స్తోత్రం!" అంటున్నారు. ఆయన గొంతు ఇంకాస్త లేస్తోంది.

"సహోదరులారా, నేనెందుకు పడిపోయినానో మీకు తెలుసునా? నా మొదటి భార్య సమాధానం, ఆ భక్తిపరురాలు, నా కళ్లముందరే ప్రభువు దగ్గరికి పోయింది. ఆ దుఃఖం ఓర్చుకోలేక దేవుడి మీద అలిగినాను. ఆ అలకే నన్ను కల్లంగడి మెట్లెక్కించింది."

కళ్లముందరే! గుడి మొత్తం వలవల ఏడ్చింది. ఆడవాళ్ల వరసలో పుష్పకుమారి సవతి కోసం కళ్లు తుడుచుకుంది, పిచ్చిది. ముందు బెంచీ మీద సంఘపెద్ద యెహోషువ, ఏసుమణికీ సమాధానానికీ కన్నతండ్రి, తలవంచుకుని "ఆమేన్" అన్నాడు. ఏసుమణి ఉన్నచోటనుంచి లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తి, గుడి వెనకాల సరుగుడుతోట మొదట్లో భళ్లున కక్కేసింది.

"ఏం మణీ, పైత్యమా? ఉపవాసం పడలేదేమో. ఈ నీళ్లు తాగు."

వెనక్కి చూస్తే చెంబుతో హెబ్రోను. సాక్ష్యం ముగించి, అందరి మెప్పూ తీసుకుని, మరదలి మంచీచెడూ చూద్దామని వచ్చాడు. ముఖం కడిగిన పళ్లెంలాగా మెరుస్తోంది. అంత తేటగా ఉన్న ముఖాన్ని చూసి ఏసుమణి చెంబును చేత్తో పక్కకు నెట్టింది.

"నీ చేతి నీళ్లు నాకొద్దు బావా."

"ఏందీ మాట? సొంత మనిషివి..."

"అక్కను చూసొచ్చినా."

హెబ్రోను చిరునవ్వు నవ్వాడు. "కల్లోకి వచ్చిందా? నాకూ అప్పుడప్పుడు..."

"నాయుడుపేట అవతల. గుడ్డలు ఉడకబెడతా ఉంది."

చెంబు ఒరిగింది. నీళ్లు ఆయన తెల్లపంచె మీదుగా కారుతున్నా చూసుకోలేదు. ఎట్లా ఉందని అడిగాడా? లేదు. చెయ్యీ కాలూ బాగున్నాయా అన్నాడా? అదీ లేదు. చుట్టూ ఒకసారి చూసి, "ఎవరెవరితో చెప్పినావు?" అన్నాడు. ఛీ! కట్టుకున్నవాడు అడిగిన మొదటి మాట అది.

"ఇంకా చెప్పలా."

ఆయనకు ఊపిరి తిరిగింది. ఊపిరితోపాటు కూటంలోని గొంతూ తిరిగొచ్చింది. "చూడు మణీ. ప్రభువు దగ్గర నేను దాచిందేమీ లేదు. ఇది కూడా ఒప్పుకున్నా, మోకాళ్లు పుండ్లుపడేదాకా. ఆయన క్షమించినాడు. మన పాపాలన్నీ సముద్రంలో పడేస్తాడని అయ్యగారు మొన్ననే చెప్పె గదా. ఆయన మరిచిపోయినదాన్ని నువ్వు తవ్వడం తప్పు."

"మైపాడు పక్కన పుట్టి పెరిగినదాన్ని, సముద్రం సంగతి నాకు చెప్తావా? దాంట్లో ఏం పారేసినా మర్నాటికి ఒడ్డునే ఉంటాది."

"అయితే దేవుడు నన్ను క్షమించలేదంటావా?"

"క్షమించే ఉంటాడు. ఆయన గుణమే అంత. అక్క కూడా క్షమించేసిందంట, నువ్వు పోయి అడక్కముందే. నాకు రోత ఆ క్షమాపణ మీద కాదు బావా. దాన్ని దుప్పటి మాదిరి కప్పుకోని, దాని కింద అక్కను ఇంకా చంపతానే ఉండావే, దాని మీద. ఇప్పుడు లోపల చంపలా? అందరి ముందరా నిలబడి, గుడ్డతో కళ్లు తుడుచుకుంటా?"

హెబ్రోను ఒరిగిన చెంబును నేల మీద పెట్టాడు. తరువాత మెల్లగా, "నిజం బయటపడితే పుష్ప ఏమైపోవాల? పిల్లలను ఏమని పిలుస్తారు?" అన్నాడు.

ఆ మాట ఏసుమణిని నిలేసింది. పుష్పకుమారి ఏ పాపమూ ఎరగదు, సొంత చెల్లెలికంటే ఎక్కువగా ఈమెను అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఆ పిల్లలిద్దరికీ ఏసుమణే నీళ్లు పోసి పెంచింది. కానీ ఇన్నాళ్లూ వాళ్లు గుర్తుకురాని మనిషికి ఇవాళ గుర్తొచ్చారు, తాను నక్కడానికి చాటు కావలసి వచ్చేసరికి.

"పుష్ప సంగతి పుష్పకు చెప్పి, దాని కాళ్లమీద పడాల్సింది నువ్వు. ఆదివారం లోపల అయ్యగారికి కూడా చెప్పు. చెప్పకపోతే నేను చెప్తా."

అంతే, భక్తి మొత్తం జారిపోయింది. హెబ్రోను ముఖం గంటు పెట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు.

"అంతా నా నెత్తినే రుద్దుతావేం? వదిలిపెట్టి వచ్చినా, ఒప్పుకుంటా. భయపడినా. చచ్చిపోయిందని నేను చెప్పినానా? బాగా తెలివి తెచ్చుకో. గుళ్లో లేచి నిలబడి ఆ మాట చెప్పింది ఎవురు?"

 చెప్పింది నాన్న. ఆసుపత్రికి పోయొచ్చి, అక్కడ వాంతిభేదాలు తగులుకుని బిడ్డ పోయిందని, తాను చేరేసరికే పూడ్చిపెట్టేశారని, బెంచీ పట్టుకుని వణుకుతూ చెప్పాడు. ఎవరో ఆయన్ను మోసం చేశారనే ఈ నాలుగు రోజులూ ఏసుమణి అనుకుంటోంది.

"అప్పుడు నీ అత్తగారింటోళ్లు, మనుబోలు వాళ్లు, నిన్ను పెళ్లికి చూసుకోని పోయుండారు" అన్నాడు హెబ్రోను. "పెద్దరోగం ఉన్న ఇంట్లో పిల్లను ఎవుడు చేసుకుంటాడు? నీ మెళ్లో పుస్తె పడాలంటే మీ అక్క పోవాల. మీ నాయన నాతో అన్న మాటే ఇది. నమ్మకపోతే పోయి ఆయన్నే అడుగు."

ఏసుమణి ఎట్లా నడిచిందో, పుట్టింటి అరుగు ఎట్లా చేరిందో ఆమెకే తెలియదు.

యెహోషువ అరుగు మీద చాప పరుచుకుని ఎండుద్రాక్ష బాగుచేస్తున్నాడు. నెల మొదటి ఆదివారం బల్లకు ద్రాక్షరసం తీసేది ఆయన ఇంట్లోనే. ఒక్కో పండూ తీసి, తొడిమె గిల్లి, తెల్లటి గుడ్డ మీద పెడుతున్నాడు. ఆ పనికి కూర్చునే ముందు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంటాడు. కూతుళ్లను కూడా ఆ గుడ్డ తాకనిచ్చేవాడు కాదు. ఆయనంతటి శుభ్రమైన మనిషి సంఘంలో లేడని పేరు.

"నాయనా, అక్క బతికే ఉండాది."

ఆయన వేళ్లు ఆగలేదు. ఇంకో పండు తీశాడు, తొడిమె గిల్లాడు. అప్పుడు తెలిసింది ఏసుమణికి, హెబ్రోను అబద్ధమాడలేదని. ఆడితే ఎంత బాగుండేది!

"నీకోసరమే అమ్మా" అన్నాడు చివరికి, తలెత్తకుండా. "ఒక బిడ్డ ఎట్లాగూ పోయింది. రెండోదాన్నన్నా ఒడ్డెక్కించాల గదా. ఆ రోగానికి మందు వస్తుందని అప్పుడెవురికి తెలుసు? మీ అమ్మ కూడా లేకపోయె. ఎవుర్ని అడగాల?"

"కూడిక పెట్టినావు నాయనా. చచ్చినోళ్లకు పెట్టే ఆదరణ కూడిక! పందిరేసి, మనుషుల్ని పిలిచి, అయ్యగారితో వాక్యం చెప్పించినావు. నాతో పాట పాడించినావు. వచ్చినోళ్లందరికీ నా చేతులతో కాఫీ పోసినా. వాళ్లు తాగి, మూతులు తుడుచుకోని, అక్క ధన్యురాలని చెప్పి పోయినారు. ఆడ అక్క గేటు దగ్గర కూర్చోని దోవ చూస్తా ఉంది."

"రోజూ ప్రార్థనలో ఆ పాపం ఒప్పుకుంటానే ఉండా మణీ. ఒక్క పొద్దు కూడా మరవలేదు. క్షమించమని దేవుణ్ణి అడుగుతానే ఉండా."

"దేవుణ్ణి అడిగినావు. అక్కను అడిగినావా?"

యెహోషువ నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. "చచ్చినోళ్లను ఎట్లా అడగాల?" అన్నాడు.

ఆ మాట అన్నాక అన్నదేమిటో ఆయనకే వినిపించింది కాబోలు, చేతిలోని పండు జారి చాప మీద పడింది.  అబద్ధం చెప్పినవాళ్లు ఉంటారు. చెప్పిన అబద్ధాన్ని తొమ్మిదేళ్లు మోకరించి నిజం చేసుకున్న మనిషిని ఏసుమణి ఎక్కడా చూడలేదు. ఆ మనిషి తనకు తండ్రి. ఆ అబద్ధం తన పుస్తె. తన కాపురం, తన ఇల్లు, పొద్దున్నే లేచి వాకిట్లో చల్లే నీళ్లు, అన్నీ అక్కను పూడ్చిన చోటే కట్టుకున్నవి. అసహ్యం అంతదాకా హెబ్రోను చుట్టూ, తండ్రి చుట్టూ తిరిగి, ఇప్పుడు వచ్చి ఆమె మెడకే చుట్టుకుంది.

"నిన్ను క్షమించేసింది నాయనా. నువ్వు అడగలేదు, అయినా క్షమించింది. నిన్ను చూడాలంటా ఉంది."

పెద్దాయన కళ్లలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. ఏసుమణి కళ్లారా చూసింది. మరుక్షణం అది ఆరిపోయింది.

"రావద్దను" అన్నాడు. "బల్ల పెట్టే చేతులు నావి. ఈ వయసులో నన్ను గుళ్లో నిలబెట్టొద్దు తల్లీ. నేను పోయినాక ఏమన్నా చేసుకోండి."

మళ్లీ ద్రాక్షల మీదికి వంగాడు. ఏసుమణి అరుగు దిగింది.

శుక్రవారం తొలిబస్సుకు మళ్లీ నాయుడుపేట దారి పట్టింది. సమాధానం రానంటే రానంది. నలుగురినీ ఇబ్బంది పెట్టడం ఎందుకు, ఇక్కడ నాకేం తక్కువ, నువ్వు వచ్చి చూసిపోతే చాలదా అంది. ఏసుమణి బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. చివరికి అక్క ఒకే ఒక్కటి అడిగింది.

"నాయన రమ్మన్నాడా?"

తండ్రినీ బావనీ అబద్ధాలకోరులని ఈసడించుకుంటూ వచ్చిన ఏసుమణి, అక్క కళ్లలోకి చూస్తూ, తడుముకోకుండా చెప్పింది. "రమ్మన్నాడు."

సమాధానం లోపలికి పోయి పెట్టె సర్దుకుంది. చిన్నపిల్లలాగా, మధ్యలో రెండుసార్లు బయటికి వచ్చి, నాయనకు ఇప్పుడు చూపు ఆనుతుందా, తనను గుర్తుపడతాడా అని అడిగింది. ఆ రెండు రాత్రులూ అక్కాచెల్లెళ్లు ఆసుపత్రిలోనే గడిపారు.

ఆదివారం గుడి కిటకిటలాడింది. బల్ల మీద రొట్టె, గిన్నెలు, పక్కనే మడతపెట్టిన తెల్లగుడ్డ. బల్లకు కుడివైపు యెహోషువ, ఎడమవైపు హెబ్రోను. గురువారం నుంచి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయ్యగారు తప్పిపోయి తిరిగొచ్చినవాళ్ల గురించి, దేవుని కృప గురించి చక్కగా మాట్లాడారు. అందులో ఒక్క మాటా తప్పు కాదు. తరువాత పద్ధతి ప్రకారం అడిగారు.

"హెబ్రోను గారికి కుడిచేతి సహవాసం ఇవ్వబోతున్నాము. సంఘంలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి."

ఏసుమణి లేచింది. 

"అభ్యంతరం కాదు అయ్యగారూ. బావకు చెయ్యి ఇచ్చేదానికి మా అందరికంటే ముందు ఇవ్వాల్సిన మనిషి ఒకరుండారు. మా అక్క సమాధానం. చావలా. పెద్దరోగం వస్తే ఆసుపత్రిలో వదిలేసి, చచ్చిపోయిందని మనకు చెప్పినారు. జబ్బు నయమైంది. గుడి ముందర బండిలో కూర్చోని ఉంది. మీరు రమ్మంటే బావకూ చెయ్యిస్తాది, మనందరితో బల్లా తీసుకుంటాది. రమ్మంటారా?"

 పుష్పకుమారి మొగుడి వైపు చూసింది. మొగుడు జేబురుమాలు చేతిలో నలుపుతూ నేలచూపులు చూస్తున్నాడు. ఆ చూపులు చాలు ఆమెకు, మొత్తం తెలిసిపోయింది. పిల్లలిద్దరినీ రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. వాకిలి పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఒకరొకరుగా చాపలు లోపలికి జరుపుకోసాగారు. గురువారం నాడు సమాధానం కోసం వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లు వాళ్లే! ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఏసుమణి అయ్యగారి వైపు చూసింది.  ఆయన చెయ్యి ముందుకు వచ్చి, పక్కనున్న తెల్లగుడ్డ తీసి, రొట్టె మీద కప్పేసింది.

అప్పుడు యెహోషువ కదిలాడు. పెద్దాయన బల్ల దగ్గరి చోటు వదిలి, ఎవరినీ చూడకుండా, చాపల మధ్య దారి చేసుకుంటూ వాకిలి వైపు నడిచాడు. బయట, నాయన రమ్మన్నాడని నమ్మి వచ్చిన మనిషి అప్పటికే బండి దిగి గుడిమెట్టు మీద కాలు పెట్టింది. తండ్రిని చూడగానే "నాయనా!" అని రెండు చేతులూ చాచింది.

యెహోషువ గడప మీద ఆగాడు. రెండు తలుపురెక్కల మీదా రెండు చేతులూ వేశాడు. అవి బార్లా తెరవడానికో, మూసేయడానికో, వెనక నిలబడ్డ ఏసుమణికి తెలియలేదు. అది వచ్చే వారం చూద్దాం.